తమ్ముడి వైపు చక్రం

బండిని తుక్కుకు అమ్మేద్దామని తమ్ముడు మళ్ళీ వచ్చి అడిగినప్పుడు సీట్లమ్మకు మొదటిసారి అనుమానం వచ్చింది.

అంతకుముందు అడిగినప్పుడు అది ప్రేమే అనుకుంది. బావ మోకాలు విరిగి మంచాన పడ్డాడు, ఇంటి ముందు ఆ విరిగిన బండి కనిపిస్తుంటే మనసు పాడుచేసుకుంటాడు, అందుకే వాడు తీసుకుపోతానంటున్నాడు కాబోలు అని సర్దుకుంది. ఈసారి మాత్రం వాడు ఇంట్లోకి రాకముందే బండి దగ్గర ఆగాడు. వంగి ముందు చక్రాల కిందికి తొంగి చూశాడు. లేచి వీధి అటు చివరా ఇటు చివరా చూశాడు. ఆ తర్వాతే గడప తొక్కాడు. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న ఆమె కంట్లో అదంతా పడింది.

"అక్కా, రేపు క్రేను పంపిస్తాను. ఆ దరిద్రాన్ని వదిలించుకుందాం," అన్నాడు.

"నీకెందుకురా అంత తొందర? అదేమన్నా అన్నం అడుగుతోందా, నీళ్ళడుగుతోందా?"

"బావ కోసమేనే. దాన్ని చూసి కుమిలిపోడూ?"

"కుమిలితే నేను చూసుకుంటాలే. క్రేను వద్దు," అంది, మిషను తొక్కుతూనే. వాడు కాసేపు నిలబడి, నీళ్ళు తాగి, పోతూ పోతూ మళ్ళీ బండి దగ్గర ఆగి వెళ్ళిపోయాడు.

ఆమె వాహనాల సీట్లకు కవర్లు కుడుతుంది. అందుకే వీధిలో అందరికీ సీట్లమ్మ. ఆమె భర్త ఆ పాత పికప్పు నడిపేవాడు. వంతెన అవతల వ్యాన్ల స్టాండులో నిలబెట్టి, బీరువాలూ తలుపులూ వాషింగ్ మెషీన్లూ ఇళ్ళు మారేవాళ్ళ సామానూ మోసేవాడు. పెళ్ళికి ముందునుంచీ ఉన్న బండి. "నా మొదటి పెళ్ళాం అదే," అని ఆయన ఛలోక్తి విసిరితే, "అందుకే దానికి మోకాళ్ళ నొప్పులు," అని ఆమె జవాబిచ్చేది.

ఆ మోకాళ్ళ నొప్పుల దగ్గరే మొదలైంది అంతా. కొన్నాళ్ళుగా గతుకులో పడ్డప్పుడల్లా ముందు చక్రాల దగ్గర టక్కుమని శబ్దం. తమ్ముడికి పెద్ద రోడ్డు మీద సొంత వర్క్‌షాపు ఉంది. వాడు చక్రం పట్టుకుని ఊపి చూసి, "బాల్ జాయింట్లు అరిగిపోయాయి బావా," అన్నాడు. మన తొడ ఎముక గుండు తుంటి గిన్నెలో తిరుగుతుందే, బండి చక్రానికి అలాంటి కీలు అది. గిన్నె అరిగితే గుండు ఊగుతుంది. మరీ అరిగితే ఊడి వచ్చేస్తుంది. అప్పుడు చక్రం చతికిలబడుతుంది.

"రెండు వైపులా కొత్తవి వేస్తాను. నీ దగ్గర పైసా ముట్టను. మా అక్క పసుపుకుంకాలు కదా ఆ బండి మీద తిరిగేది," అని స్టాండులో అందరి ముందూ అన్నాడు. బండి ఒక రోజు ఉంచుకుని తిరిగి ఇచ్చాడు. శబ్దం పోయింది. బావకు ఊరికే చేసిపెట్టానని వాడు కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు. విన్నవాళ్ళు బావమరిది అంటే అలా ఉండాలన్నారు. సీట్లమ్మ గర్వంతో ఒక పూట అన్నం ఎక్కువే తిన్నది.

ఆ తర్వాత ఎన్నో వారాలు గడవలేదు. వంతెనకు దిగే వాలులో, మలుపు దగ్గర, డ్రైవరు వైపు ముందు చక్రం లోపలికి మడత పడింది. బండి నేరుగా వెళ్ళి వంతెన గోడకు గుద్దుకుంది. వెనకున్న అద్దాల బీరువా పొడిపొడి అయింది. ఆయన మోకాలు డాష్‌బోర్డుకూ సీటుకూ మధ్య నలిగింది.

కబురు తెలిసి అందరికంటే ముందు చేరుకున్నది తమ్ముడే. నలుగురూ కలిసి ఆయన్ని బయటికి లాగుతుంటే, వాడు ముక్కు దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, "బావ నోట్లో వాసన వస్తోంది," అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాట చాలింది. దగ్గు మందు తాగినా తల తిరుగుతుందనే మనిషి, తాగి బండి నడిపాడని స్టాండంతా పాకింది. సొంత బావమరిదే చెప్పాక కాదనేవాడెవడు? స్టాండు పెద్ద ఒకాయన ఉన్నాడు. మామూలుగా మాట్లాడినా నాలుగు వీధులకు వినపడుతుందని ఆయన్ని హారన్ తాత అంటారు. ఆయన చూడటానికి వచ్చి, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి, "కాలు బాగయ్యాక కూడా కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండరా అబ్బాయ్. తాగి నడిపేవాడికి సామాను ఇచ్చేది లేదంటున్నారు జనం," అని చెప్పి వెళ్ళాడు. భర్త గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అలా పడుకున్న మనిషి మళ్ళీ ఇటు తిరగడానికి చాలా రోజులు పట్టింది.

తమ్ముణ్ణి ఆమె నిలదీసింది కూడా. "ఏమోనే అక్కా, అందరూ అంటుంటే నేనూ ఊఁ అన్నాను. కంగారులో ఏం వాసనో," అన్నాడు వాడు తల గోక్కుంటూ. కడుపులో పెట్టుకుంది. తోడబుట్టినవాడు మరి.

ఇప్పుడు వాడు చక్రాల కిందికి తొంగి చూడటం చూశాక, కడుపులో పెట్టుకున్నది కదలడం మొదలుపెట్టింది.

*

"ఏమండీ, బండి మనమే విప్పితే?" అంది మర్నాడు పొద్దున్న.

ఆయన ఆమె వైపు తిరిగాడు. "మనమంటే?"

"మీ నోరు, నా చేతులు."

ఆయన నవ్వలేదు గానీ, లేచి కూర్చున్నాడు. గుమ్మంలో కుర్చీ వేసి, బిగుసుకున్న కాలికి ఇంకో స్టూలు వేసింది. స్పాంజి మీద రెక్సిన్ లాగి లాగి ఆమె వేళ్ళు పటకారు లాంటివి. వాటికి పానాలు కొత్తేమీ కాదు.

ముందు బాగున్న వైపు విప్పమన్నాడు ఆయన, అంటే డ్రైవరు పక్కన కూర్చునేవాళ్ళ వైపు. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టించాడు. ఛాసీ కింద జాకీ పెట్టి లేపి, మూడు కాళ్ళ ఇనప స్టాండు మీద దించి, చక్రం తీయించాడు. "ఇప్పుడు కింది ఆర్ముకు, అదే చక్రాన్ని పట్టుకున్న ఆ ఇనప చేతికి, ఇంకో జాకీ ఆసరా పెట్టు. దాని మీద స్ప్రింగు ముడుచుకుని కూర్చుని ఉంటుంది. ఆసరా లేకుండా నట్టు తీశావా, స్ప్రింగు ఫిరంగి గుండై వస్తుంది. అప్పుడు ఈ ఇంట్లో కూర్చునేవాళ్ళే ఇద్దరు, చేసేవాళ్ళెవరూ ఉండరు."

ఆమె జాకీ బిగించి, చాప మీద వెల్లకిలా పడుకుని టార్చి వేసింది. బాల్ జాయింటు నల్లగా, కొత్త పెళ్ళికొడుకు బూటులా మెరుస్తోంది.

"కొత్తగానే ఉందండీ. నల్లగా నిగనిగలాడుతోంది."

"స్క్రూ డ్రైవరుతో గీకు."

గీకింది. నల్లటి పొర పెచ్చులుగా లేచింది. కింద తుప్పు. పైన పెయింటు. రబ్బరు తొడుగు చిరిగి ఉంది, ఆ చిరుగు నిండా దట్టంగా గ్రీజు కూరి ఉంది.

గుమ్మంలో ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఆ జాయింటును ఆర్ముకు పట్టి ఉంచినవి ఏంటో చూసి చెప్పు. బోల్టులా?"

"నట్లేం లేవు. గుండ్రంగా, కోటు బొత్తాల్లా ఉన్నాయి."

"సరిగ్గా చూడు."

"చూస్తూనే ఉన్నానండీ. బొత్తాలే."

"రివెట్లు," అన్నాడాయన. "కంపెనీలో బండి తయారైనప్పుడు రివెట్లు కొడతారు. జాయింటు మార్చాలంటే వాటిని కోసి తీసేయాలి. కొత్తదానికి బోల్టులే వేస్తారు, ఇళ్ళ దగ్గరైనా వర్క్‌షాపులోనైనా అంతే. రివెట్లు ఇంకా ఉన్నాయంటే, బండి పుట్టిన రోజునుంచీ దాన్ని ఎవరూ విప్పలేదు."

ఆమె అలాగే డేక్కుంటూ విరిగిన వైపు వెళ్ళింది. అక్కడ గిన్నె నోరు తెరుచుకుని ఉంది, గుండు ఆ రోజే ఊడి పడింది. దాని చుట్టూ అదే నల్ల పెయింటు. అవే బొత్తాలు.

చాలాసేపు ఆమె బండి కిందనుంచి బయటికి రాలేదు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఇంజను అడుగున అంటుకున్న మట్టిని చూస్తూ పడుకుంది. చిన్నప్పుడు తన ప్లేటులోది తీసి వాడికి పెట్టిన రోజులు గుర్తొచ్చాయి. వాడు స్కూల్లో పలక పగలగొట్టుకుంటే తనే పగలగొట్టానని అమ్మ చేత దెబ్బలు తినడం గుర్తొచ్చింది. ఊరికే చేశానని పేరు సంపాదించుకున్నాడు. ఆ పేరు పోతుందని భయపడి, మొగుడి పేరు తీసి గోడకు కొట్టాడు.

బయటికి వచ్చేసరికి ఆమె ముఖానికి గ్రీజు, మట్టి. కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

"వదిలెయ్యవే," అన్నాడాయన, ఆ కళ్ళు చూసి. "నీ తమ్ముడు."

"నా తమ్ముడే. అందుకే నేనే చూసుకుంటాను."

"బయటపడితే వాడు కొట్టు మూసుకోవాల్సి వస్తుంది."

"మీరిన్నాళ్ళూ నోరు మూసుకుని గోడకేసి తిరిగి పడుకున్నారుగా. ఇప్పుడు వాడి వంతు."

*

ఆ మధ్యాహ్నమే ఆ జాయింటు ఊడబెరికి తీసుకెళ్ళి వాడి మొహాన కొట్టాలనిపించింది. చెప్పులు కూడా వేసుకుంది. గేటు దాకా వెళ్ళి ఆగింది. వాడి నోరు ఆమెకు తెలుసు. "ఇది ఎక్కడి పాత సామానో తెచ్చి నా మీద వేస్తున్నారు, తాగుబోతును వెనకేసుకొస్తోంది," అంటాడు. జనం తలలూపుతారు. వాసన మాట వాడి నోటినుంచి వచ్చింది. తిరిగి పోవాలన్నా వాడి నోటినుంచే పోవాలి. వాడి నోరు తెరిపించేది ఏమిటి?

జవాబు పని చేస్తుంటే దొరికింది.

పాత సామాన్ల కొట్టునుంచి విరిగిన వైపుకు వంకరపోని ఆర్మూ, చక్రాన్ని మోసే ఇనప కణుపూ తెచ్చుకున్నారు. కొత్త జాయింట్లు నాలుగు, పైవీ కిందివీ, కొట్టువాడి దగ్గర ఆమే చేత్తో తిప్పి చూసి ఎంచుకుంది. రోజూ సీట్ల పని అయ్యాక బండి పని. నట్టు వదులు కాకుండా అడ్డం దూర్చే స్ప్లిట్ పిన్ను లాగడం, కిరీటంలా పళ్ళున్న ఆ నట్టును వదులు చేయడం, అన్నీ గుమ్మంలోనుంచి ఆయన చెబుతుంటే ఆమె చేసింది.

"నట్టు పూర్తిగా తీయకు. కొన మీద ఉంచు. ఇప్పుడు కణుపు మీద పక్కనుంచి కొట్టు. జాయింటు మీద కాదు, అది పట్టుకున్న చోట. గట్టిగా."

ఆమె కొట్టింది. కొట్టినప్పుడల్లా ఏదో గొణిగింది.

"ఎవర్నే ఆ తిట్లు?"

"నట్టును."

"నట్టుకు అమ్మా నాన్నా ఉండరే."

ఇంకో దెబ్బకు జాయింటు ఫట్టుమని ఊడింది. వాళ్ళిద్దరూ ఎన్నాళ్ళ తర్వాతో ఒకేసారి నవ్వారు. ఆ నవ్వు ఆమెను చల్లబరచలేదు. గ్రైండరు పట్టుకుని రివెట్ల తలలు కోస్తుంటే నిప్పురవ్వలు చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి. దులుపుకోలేదు. ఒక్కొక్క తల ఎగిరి పడుతుంటే ఒక్కొక్కరి ముఖం గుర్తు చేసుకుంది. తాగుబోతుకు సామాను ఇచ్చేది లేదన్నవాళ్ళు, పరామర్శకు వచ్చి ముక్కులు ఎగబీల్చినవాళ్ళు. చివరి రివెట్టుకు తమ్ముడు.

కొత్తవి కూర్చోబెట్టి, బోల్టులు బిగించి, నట్టు పళ్ళకూ పిన్ను రంధ్రానికీ సరిచూసి, కొత్త స్ప్లిట్ పిన్ను దూర్చి దాని కాళ్ళు విరిచింది. ఆయన చంకకర్రలు పక్కన పెట్టి, పళ్ళు బిగించి, చాప మీదకు దిగాడు. ప్రతి పిన్నూ వేలితో తాకి చూశాడు. కడ్డీతో ఎత్తి చూశాడు. పిసరంత కూడా కదల్లేదు.

"నా పనికంటే బాగుంది," అన్నాడు.

"మీ కాలు విరిచిన పని కంటే అన్నా బాగుండాలి కదా."

ఆమెకు పెళ్ళైన కొత్తలో ఆయనే డ్రైవింగు నేర్పాడు. ఇప్పుడు ఆమె నడుపుతుంటే ఇద్దరూ వాలులో దిగి, మలుపు తిరిగి, వంతెన దాటి వెనక్కి వచ్చారు. టక్కుమన్న శబ్దం ఒక్కటి లేదు. ఇంటికొచ్చి ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు ఉంచుకుని, అప్పుడు చెప్పింది ఆయనకు తను ఏం చేయబోతోందో.

"తమ్ముణ్ణి కొట్టాలనుంటే సుత్తితో ఒకటివ్వు. ఇలా కాదు," అన్నాడాయన.

"సుత్తి దెబ్బ రెండు రోజుల్లో మానుతుంది."

ఆయన తన కాలు వైపు చూసుకున్నాడు.

*

ఆదివారం పొద్దున్న తమ్ముడికి ఫోను చేసింది. "ఒరేయ్, బండి లేచి నిలబడింది. ఒకసారి వచ్చి చూసి చెప్పు. బాలేదంటే నీ ఇష్టం, తుక్కుకే ఇచ్చేద్దాం." తుక్కు అనగానే వాడు వచ్చేశాడు.

బండి కడిగి ఉంది. సీటుకు కొత్త కవరు. ఆయన అప్పటికే సీటు మధ్యలో కూర్చుని, కర్రలు కాళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాడు.

"ఎవరు చేశారే అక్కా?"

"ఎవరో ఎందుకు, నేనే. విరిగిన వైపు ఆర్ము మార్చి కొత్త జాయింట్లు వేశాను. ఈ వైపు ముట్టుకోలేదు. నువ్వు కొత్తవి వేశావుగా, మళ్ళీ విప్పడం దేనికి?"

వాడి చూపు ఈ వైపు చక్రం మీద పడింది. వంగబోయాడు.

"ఎక్కరా. స్టాండులో తాత ఎదురుచూస్తున్నాడు. వచ్చాక తీరిగ్గా చూద్దువు."

"నేను బైకు మీద వెనక వస్తానులే."

"అదేంట్రా, నువ్వు చేసిన బండి ఎక్కడానికి నీకే భయమా?" అంది, పక్కింటి మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు వినపడేలా. వాళ్ళు ఇటు చూశారు. వాడు ఎక్కాడు. కిటికీ వైపు, సరిగ్గా ఆ చక్రం మీద కూర్చున్నాడు.

వీధి దాటేదాకా ఆమె మెల్లగానే నడిపింది. వాలు మొదలవగానే కాలు అదిమింది.

"అక్కా, నిదానంగా."

"ఎందుకురా? మీ బావ తాగి ఉన్నాడు కాబట్టి గుద్దాడు. నేను తాగలేదుగా."

"రోడ్డు బాలేదే."

"జాయింట్లు బాగున్నాయిగా."

వాడు కిటికీలోనుంచి తల బయటపెట్టి చక్రాన్ని చూశాడు. తల లోపలికి తెచ్చేసరికి ముఖంలో నెత్తురు లేదు. ఒక చేత్తో తలుపు పిడి, ఇంకో చేత్తో బావ భుజం పట్టుకున్నాడు. బావ నేరుగా రోడ్డు వైపే చూస్తున్నాడు. కింద వంతెన గోడ కనిపించింది, ఆ రోజు పెచ్చులూడిన చోటు తెల్లగా.

"నా నోట్లో వాసన వస్తోందేమో చూడరా," అంది సీట్లమ్మ.

"అక్కా ఆపు!"

"చూసి చెప్పు. నీ ముక్కు మంచిది కదా."

"అది పాతదే! ఈ వైపుది పాతదే! మార్చలేదు, ఆపవే తల్లీ!"

"వినపడట్లేదురా, ఇంజను చప్పుడు."

"మార్చలేదే! రెండు వైపులా మార్చలేదు! ఆ రోజు పని ఎక్కువై, గ్రీజు కొట్టి రంగేశాను! తర్వాత మారుద్దామనుకున్నా! బావ తాగలేదు! ఆపు, ఊడిపోద్ది, ఆపు!"

వాడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆమె మలుపు తిప్పింది. బండి వంతెన మీదకు సాఫీగా ఎక్కింది. పక్కన ముడుచుకుపోయి వణుకుతున్న ఆ మనిషిని చూస్తే ఆమెకు జాలి కలగలేదు. ఎన్నో రోజుల దాహం మీద నీళ్ళు తాగినట్టు ఉంది.

వంతెన అవతలే స్టాండు. ఆదివారం కాబట్టి డ్రైవర్లంతా బెంచీల మీద ఉన్నారు. ఆమె దిగి, అటు తిరిగి వచ్చి, తమ్ముడి వైపు తలుపు తీసింది.

"తాతా, మా తమ్ముడు మీకో మాట చెప్పాలంటున్నాడు."

నేల మీద కాళ్ళు ఆనేసరికి వాడికి ధైర్యం తిరిగొచ్చింది. నుదురు తుడుచుకుని నవ్వబోయాడు. "ఏం లేదు తాతా. అక్క బండి బాగుచేసింది, చూపిద్దామని..."

వాడు ఇలా అంటాడని ఆమెకు ముందే తెలుసు. సీటు వెనకనుంచి గోనె సంచి తీసి బానెట్ మీద బోర్లించింది. నల్ల రంగు పెచ్చులూడుతున్న పాత జాయింట్లు దొర్లాయి. తలలు తెగిన రివెట్ల మొండేలు ఇంకా వాటి రంధ్రాల్లోనే ఉన్నాయి. ఈ వైపువి ఏవో, ఆ వైపువి ఏవో వాడికి చెప్పక్కర్లేదు. వాడు వాటినీ బండినీ మార్చి మార్చి చూశాడు.

"అంటే... ఈ వైపువి కూడా మార్చేశావా?" అన్నాడు, నోరు జారి.

"నువ్వు కొత్తవి వేసినచోట నేనేం మారుస్తానురా?"

హారన్ తాత ఒక జాయింటు చేతిలోకి తీసుకుని తిప్పాడు. గోటితో రంగు గీకాడు. రివెటు మొండెం మీద బొటనవేలు పెట్టి చూశాడు. అక్కడున్నవాళ్ళలో దానర్థం తెలియనివాడు ఎవడూ లేడు.

"ఇది కంపెనీలో పెట్టిందిరా," అన్నాడు. ఈసారి గొంతు తగ్గించలేదు. "మరి వాసన సంగతేంటి?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు పలక పగిలిన రోజున చూసిన చూపే. ఆమె చూపు తిప్పుకోలేదు.

"అడుగుతున్నాడు. చెప్పు," అంది.

"ఏ వాసనా రాలేదు తాతా," అన్నాడు వాడు. "నేనే అన్నాను."

బండిలోనుంచి ఆయన, "నన్ను దింపండి," అన్నాడు. ఇద్దరు పరుగెత్తి దింపారు. కర్రల మీద నిలబడ్డాడు. ఎవరో బెంచీ మీద జరిగి చోటిచ్చారు. ఆయన కూర్చుని, ఇచ్చిన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు తాగకుండా అందులోకే చూస్తూ ఉండిపోయాడు.

ఈలోగా ఒక డ్రైవరు గబగబా లేచి తన వ్యాను కిందికి దూరాడు. పోయిన నెలలో అతని బండి కూడా ఆ వర్క్‌షాపుకే వెళ్ళింది. అతన్ని చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు. కాసేపట్లో స్టాండులో మనుషులు తక్కువ, వ్యాన్ల కిందనుంచి బయటికి కనిపించే కాళ్ళు ఎక్కువ. "నావి బోల్టులేరోయ్, నాకు మార్చాడు," అని ఒక చోటునుంచి వినపడింది. ఇంకో చోటునుంచి బూతు వినపడింది.

సీట్లమ్మ అప్పుడు బండెక్కి ఇల్లు చేరుకుంది. భర్తను సాయంత్రం స్టాండువాళ్ళే దించారు. తమ్ముడు ఆ వాలు నడుచుకుంటూ ఎక్కాడని ఎవరో చెప్పారు.

*

వారం తిరక్కుండానే వర్క్‌షాపు ముందు వరుసగా నిలబడే వ్యాన్లు మాయమయ్యాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకు షట్టరు దించేశాడు. తమ్ముడి దగ్గరుండే అమ్మ ఒక మధ్యాహ్నం వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"తోడబుట్టినవాణ్ణి నడిబజారులో నిలబెట్టావు. నీ కళ్ళు చల్లబడ్డాయా?"

"చల్లబడ్డాయమ్మా."

"వాడు తప్పు చేశాడనుకో. నాలుగు గోడల మధ్య అడిగితే సరిపోదా?"

"వాడు మా ఆయన పరువు నాలుగు గోడల మధ్య తీశాడా?"

అమ్మ ముక్కు చీదింది. అల్లుడి వైపు చూసింది. ఆయన తల వంచుకుని కాలికి నూనె రాసుకుంటున్నాడు. "నిన్ను కన్నప్పుడే అనుకున్నాను, ఇది ఆడపిల్ల కాదు ఆకురాయి అని," అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి ఫోను చేస్తే ఎత్తదు. సీట్లమ్మ మాత్రం వారానికోసారి చేస్తూనే ఉంది. మోగి మోగి ఆగిపోతుంది.

తను పశ్చాత్తాపపడుతుందని ఆమె ఎదురుచూసింది. పడుకోబోయే ముందు తనను తానే తడిమి చూసుకునేది, ఎక్కడైనా నొప్పి ఉందా అని. అమ్మ దగ్గర నొప్పి ఉంది. తమ్ముడి దగ్గర లేదు. మళ్ళీ ఆ ఆదివారం వస్తే మళ్ళీ కాలు అదుముతుంది, ఇంకాస్త గట్టిగానే.

ఆయన మోకాలు పూర్తిగా వంగదని డాక్టరు తేల్చాడు. అందుకని పొద్దున పూట బండి ఆమే నడుపుతోంది, ఆయన పక్కన కూర్చుని బేరాలు మాట్లాడతాడు. అంత మెత్తగా మాట్లాడితే ఎలాగండీ అని ఆమె కసురుతుంది. మధ్యాహ్నం సీట్లు కుడుతుంది. హారన్ తాత తన మనవరాలి ఇల్లు మారే సామాను వీళ్ళ బండిలోనే వేయించాడు. క్షమించమని ఆయన అడగలేదు. బీరువా మాత్రం తన భుజం మీద తనే మోసి ఎక్కించాడు.

ఒక రోజు మంచాలు దించి తిరిగి వస్తుంటే, పట్నం చివర ఎవరిదో పెద్ద గ్యారేజీ ముందు ట్రాఫిక్కు ఆగింది. ఒక వ్యాను కిందనుంచి రెండు కాళ్ళు బయటికి ఉన్నాయి. ఎడమ కాలి మడమ మీద కాలిన మచ్చ. చిన్నప్పుడు వేడి గంజి ఒలికినప్పటిది. ఆమె గుర్తుపట్టింది. ఆయనా గుర్తుపట్టాడు. ఆమె హారను కొట్టలేదు. ముందు బండి కదలగానే గేరు వేసింది.

"మనవాడే," అన్నాడాయన కాసేపటికి.

"అవును."

"పని చేస్తున్నాడు."

"చేస్తున్నాడు."

"సరిగ్గా చేస్తున్నాడంటావా?"

"దిగి చూడాలంటే మీరు దిగండి," అంది సీట్లమ్మ. "నేను ఆపను."